చైనా జైల్లో వీర్రాజు

పేపర్లో పేరు పడితే ఎవడైనా నలుగురికీ చూపించుకుని మురిసిపోతాడు. వీర్రాజు మాత్రం ఆ పేపరుని నాలుగు మడతలు పెట్టి బనీను లోపల దోపుకుని, రావులపాలెం బస్టాండులో టీ అయినా తాగకుండా అమలాపురం బస్సెక్కేశాడు. 'చైనా జైల్లో ఓడలరేవు వాసి వీర్రాజు' అని అందులో లావుపాటి అక్షరాలతో వేశారు. ఓడలరేవు వాసి వీర్రాజేమో పొద్దున్నే ఎండుచేపల గంపలు బజార్లో దింపి, అమ్ముకుని, ఖాళీ గంపలు కాళ్ళ దగ్గర పెట్టుకుని కిటికీ పక్కన శుభ్రంగా కూర్చుని ఉన్నాడు.

పేపరువాళ్ళని అనడానికేం లేదు. పాస్‌పోర్టు ప్రకారం వీర్రాజు చైనా జైల్లోనే ఉన్నాడు.

జరిగిందేమిటంటే, తొంభై నాలుగులో వీర్రాజుకి సరుకు ఓడ మీద ఖలాసీ పని కుదిరింది. బొంబాయి ఏజెంటు కాగితాలన్నీ సిద్ధం చేసి కబురు పెట్టాడు. సరిగ్గా ప్రయాణం వారం ఉందనగా వీర్రాజుకి పచ్చకామెర్లు పట్టుకున్నాయి. కళ్ళు పసుపు పూసినట్టయిపోయాయి. మనిషి మంచం దిగలేడు. ఏజెంటేమో రాకపోతే ఆ చోటు ఇంకొకడికి ఇచ్చేస్తానన్నాడు. అప్పుడు తమ్ముడు బుల్లబ్బాయి ముందుకొచ్చాడు. అన్నదమ్ములిద్దరివీ ఒకటే ముక్కు, ఒకటే నుదురు. పాస్‌పోర్టు ఫొటో చూసి ఏ ఆఫీసరూ తేడా పట్టలేడు.

ఇదేదో ఘోరమైన దొంగతనమని వాళ్ళ వీధిలో ఎవరికీ తోచలేదు. బావ పేరు మీద బావమరిది దుబాయి వెళ్ళాడు, చిన్నాన్న పేరు మీద అన్నకొడుకు మస్కట్ వెళ్ళాడు. అందరూ తిరిగొచ్చాక అరువు చొక్కా విప్పి ఇచ్చినట్టు ఎవరి పేరు వాళ్ళకి ఇచ్చేశారు. బుల్లబ్బాయి కూడా అలాగే ఇచ్చేస్తాననుకున్నాడు.

"ఏడాది తిరక్కుండా వచ్చేత్తానన్నయ్యా. ఈలోగా నువ్వు పథ్యం చెయ్యి," అని అన్న కాళ్ళకి దణ్ణం పెట్టి, అన్న పేరు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఓడ హాంకాంగ్‌లో రిజిస్టరు చేసిన ఓడ. మరుసటేడు మొదట్లో చైనావాళ్ళ గస్తీ పడవలు దాన్ని చుట్టుముట్టి, ఇందులో దొంగసరుకు ఉందని చెప్పి, ఓడనీ మనుషుల్నీ లాక్కుపోయాయి. హాంకాంగ్ అప్పటికింకా ఇంగ్లీషువాళ్ళ చేతిలోనే ఉంది. కాబట్టి ఓడ మీద జెండా వాళ్ళది, జెండా వాళ్ళది కాబట్టి మనుషుల్ని విడిపించుకునే పూచీ వాళ్ళది. మా హాంకాంగ్ ఓడ మనుషుల్ని వదలండి అని వీళ్ళు అంటే, మీ హాంకాంగ్ జైళ్ళలో ఉన్న మావాళ్ళ సంగతి ముందు తేల్చండి అని వాళ్ళు అన్నారు. బల్లకి అటొకరు, ఇటొకరు కూర్చుని టీలు తాగుతూ నెలల తరబడి మాట్లాడుకున్నారు. ఎంత పెద్ద దేశాలైనా బేరం మాత్రం మన చేపల రేవులో బేరంలాగే సాగింది. మధ్యలో బుట్టలో ఉన్నది బుల్లబ్బాయి.

ఇవన్నీ వీర్రాజుకి చెప్పింది రామ్మూర్తిగారు. పోస్టాఫీసులో చేసి రిటైరై, రోజూ లండన్ రేడియో వినే మనిషి. ఈ ఇంటి తరఫున ఢిల్లీకీ, మద్రాసుకీ ఇంగ్లీషులో అర్జీలు రాసిపెట్టేది ఆయనే. ఊళ్ళో అందరిలాగే ఆయనకీ అసలు సంగతి తెలుసు. పేపరు పట్టుకుని వీర్రాజు నేరుగా ఆయన అరుగు మీదకి వెళ్ళాడు.

"తొంభై ఏడు జూన్ ఆఖరికి హాంకాంగే చైనావాళ్ళ పరమైపోద్దిరా. ఈలోపు తేలితే తేలినట్టు. తేలకపోతే ఆ ఓడకి జెండా ఉండదు, నీ తమ్ముడి గురించి అడిగే నాథుడూ ఉండడు," అన్నారు రామ్మూర్తిగారు.

"నేనెళ్ళి నిజం చెప్పేత్తేనో అండి? ఆడు నేను కాదండి, నేనిక్కడున్నానండి అని."

"చెప్పు. ఇప్పటిదాకా ఆడి మీద దొంగసరుకు కేసొక్కటే ఉంది. దొంగపేరుతో మా సముద్రంలోకి ఎందుకొచ్చేవురా, ఎవరు పంపేర్రా అని రెండోది కూడా తగిలిత్తారు. గూఢచారి అంటే ఆ దేశంలో ఏం చేత్తారో తెలుసా?"

"వద్దండి బాబూ."

"మరి పేపర్లో ఎక్కింది కదా. ఇక జనం వత్తారు. నువ్వు ఊళ్ళో వీర్రాజులా తిరక్కూడదు. తెలిసిందా?"

"ఆయ్," అన్నాడు వీర్రాజు. అంతకంటే ఏమంటాడు? తన పేరు బతికుండాలంటే తను ఆ పేరుతో కనిపించకూడదు. ఆ సంగతి అర్థం చేసుకోడానికి అతనికి ఆ పూటంతా పట్టింది.

ఇంట్లో వాళ్ళమ్మ, పేరు చిన్నమ్మలు, అంత సేపు తీసుకోలేదు. ఆవిడ మాటంటే మాటే. "ఇయ్యాల్టి నించీ నువ్వు బుల్లబ్బాయివి," అంది కొడుకుతో. ఆ మాట వీధంతా తిరిగి చెప్పి వచ్చింది. కొత్త మొహం కనపడితే చాలు, పక్కింటి పేతురు దగ్గర్నించి టీకొట్టు దానం దాకా అందరూ వీర్రాజుని "ఒరేయ్ బుల్లబ్బాయ్" అనేవాళ్ళు. మొదట్లో వాళ్ళకి అదో సరదాగా ఉండేది. కొత్తవాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఒకటి రెండుసార్లు పిలిచి నవ్వేవారు.

నవ్వులాట కానిది ఇంకొకటి ఉంది. ఆ మాట కూడా చిన్నమ్మలే అనేసింది.

"ఒరే, పెళ్ళై రెండేళ్ళైంది. మొగుడు చైనా జైల్లో ఉంటే ఇక్కడ మాణిక్యానికి నెల తప్పితే లోకం ఏమంటాది? నువ్వు వలల పాకలో పడుకో."

వీర్రాజు తల వంచుకున్నాడు. మాణిక్యం వంటింట్లో గిన్నెల చప్పుడు ఆపేసింది. అమ్మ చెప్పిందాంట్లో తప్పు పట్టడానికి ఇద్దరికీ ఏమీ దొరకలేదు. ఆ సాయంత్రం చాప చుట్టుకుని సముద్రం ఒడ్డున వలలు దాచుకునే పాకలోకి మారిపోయాడు. అన్నం అమ్మ తెచ్చేది. పగలు ఇంటికెళ్తే గుమ్మం బయటే నిలబడి, "వదినా, మంచినీళ్ళు," అని కట్టుకున్న పెళ్ళాన్ని అడగాలి. ఆవిడ మరిదికి ఇచ్చినట్టు చెంబు అరుగు మీద పెట్టి లోపలికెళ్ళాలి. ఎవరూ లేనప్పుడు కూడా అలవాటు తప్పకూడదని అమ్మ హుకుం.

పాకలో అతనికి భయం లేదు, పస్తు లేదు. దూరంగా గ్యాసు బావి మంట ఒకటి సముద్రం మీద వెలుగుతూ ఉండేది. దాన్ని చూస్తూ, చైనా జైల్లో ఉన్నవాడికి కనీసం తను వీర్రాజునని చెప్పుకునే వీలుంది కదా అనుకునేవాడు. వెంటనే తన మీద తనకే అసహ్యం వేసేది. తను అనుభవించాల్సిన జైలు తమ్ముడు అనుభవిస్తున్నాడు. అయినా సరే, వేరే పేరుతో, పెళ్ళాం లేకుండా, సొంత ఇంటి బయట నిలబడి బతకడం ఏమంత తేలిక కాదు. ఒంటరితనం అంటే మనుషులు లేకపోవడం అనుకునేవాడు అంతకుముందు. ఊరినిండా మనుషులుండగానే అది పట్టుకుంటుందని ఇప్పుడు తెలిసింది.

తొంభై ఆరు వేసవిలో మద్రాసు నించి వినయ్ అని ఒకాయన వచ్చాడు. అక్కడి ఇంగ్లీషువాళ్ళ ఆఫీసులో ఉద్యోగి, తెలుగు బాగానే మాట్లాడతాడు. చేతిలో టేపురికార్డరు. చైనావాళ్ళు కొత్త పేచీ పెట్టారట. ఓడ మనుషుల కాగితాల్లో కొన్ని దొంగవని తేలిందట. ఫలానా మనిషి ఫలానావాడేనని రుజువైతేనే బేరంలో అతని పేరు ఉంచుతామన్నారట. అందుకని ప్రతి ఖైదీకీ ఇంటివాళ్ళ గొంతు వినిపించి, అతని జవాబు రికార్డు చేసుకుని పోల్చి చూసుకుంటారు.

మాణిక్యం కొత్త చీర కట్టుకుని చాప మీద కూర్చుంది. క్యాసెట్లో మాట్లాడటం ఆ వీధి ఆడవాళ్ళకి కొత్త కాదు. దుబాయిలో ఉన్నవాళ్ళకి ఏళ్ళ తరబడి అలాగే కబుర్లు పంపుతున్నారు. మాణిక్యం గడగడా చెప్పింది. అత్తయ్యగారు బాగున్నారు, గేదె ఈనింది, మరిదిగారు పడవ పని చూసుకుంటున్నారు. వినయ్ టేపు ఆపాడు.

"అంతా బాగుందమ్మా. ఆయన పేరొకటి చెప్పలేదు. పేరు పెట్టి పిలవండి."

మాణిక్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రామ్మూర్తిగారు సర్దబోయారు. "మావైపు ఆడాళ్ళు మొగుడి పేరు చెప్పరండి. ఆయుష్షు తగ్గుద్దంటారు."

"నిజమేనండీ, మా అమ్మ కూడా చెప్పదు. కానీ అక్కడ కూర్చున్నవాళ్ళకి అది తెలీదు కదా. పేరు వినపడకపోతే ఎవరి భార్య ఎవరితో మాట్లాడుతోందో అంటారు. చెప్పకపోతే ఆయన పేరు కొట్టేస్తారమ్మా."

వీర్రాజు కొబ్బరినీళ్ళ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. మాణిక్యం అతని వైపు చూడలేదు. కళ్ళు మూసుకుంది. తరవాత ఒక్కసారిగా, "వీర్రాజుగారండీ," అంది. "వీర్రాజుగారండీ, మీరు తొందరగా వచ్చెయ్యండి. నాకేం తోచట్లేదండి. ఇల్లు ఇల్లులా లేదండి." ఆ పైన ఏడుపొచ్చి ఆగిపోయింది.

వీర్రాజు గ్లాసులు గుమ్మం మీద పెట్టేశాడు. పెళ్ళైన దగ్గర్నించీ భార్య నోట తన పేరు వినడం అదే మొదలు. వింటే ఇంత బాగుంటుందని అతనికి తెలీదు. ఆ పేరు అతని ఎదురుగానే క్యాసెట్లోకి వెళ్ళింది, వినయ్ పెట్టెలోకి వెళ్ళింది, మద్రాసు మీదుగా చైనా వెళ్ళిపోయింది.

వినయ్ జీపు వెళ్ళాక ఆవిడ గేదెకి కుడితి పెడుతుంటే గోడ పక్కకి వెళ్ళి, "ఇంకోసారి అనవే," అని అడిగాడు.

"ఏంటి?"

"అదే. నా పేరు."

"బావుంది సంబడం. మొగుడి పేరు ఎవరైనా చెప్తారేంటండి?" అంది మాణిక్యం కళ్ళు తుడుచుకుంటూ. నవ్వింది కూడా. అతను కూడా నవ్వి పాకకి వెళ్ళిపోయాడు. కానీ ఆ గొంతు చాలా రోజులు చెవుల్లోంచి పోలేదు.

నవంబరు తుఫానుకి పాక ఎగిరిపోయింది. మళ్ళీ కట్టుకుంటుండగా చైనా నించి జవాబు క్యాసెట్టు వచ్చింది. ఇంట్లో తలుపులు వేసుకుని పెట్టుకున్నారు.

"ఒసే మాణిక్యం," అంది బుల్లబ్బాయి గొంతు.

అందరూ ఉలిక్కిపడి, ఆపైన పకపకా నవ్వారు. వదినగారు ఎదురైతే గట్టు దిగి నిలబడేవాడు బుల్లబ్బాయి. వాడి నోట ఒసే! కానీ టేపు తిరిగేకొద్దీ నవ్వులు ఆగిపోయాయి. వాడు ఎక్కడా తడబడలేదు. అమ్మని జాగ్రత్తగా చూడమన్నాడు, గేదె పాలు అమ్మెయ్యకుండా ఇంట్లోకి ఉంచమన్నాడు, అచ్చం ఇంటి పెద్ద మాట్లాడినట్టు మాట్లాడాడు. ఆఖర్న గొంతు కాస్త తగ్గించాడు.

"మా తమ్ముడు బుల్లబ్బాయిని బాగా చూసుకో. ఆడొట్టి అమాయకుడే. ఆడికి చీకటంటే భయం. ఎవరికీ చెప్పుకోడు. ఆడికి ఎవరో ఒకరు తోడుండాలి."

చిన్నమ్మలు నోట్లో చీర చెంగు కుక్కుకుంది. తన సంగతి తను చెప్పుకోడానికి వాడికి దొరికిన దారి అదొక్కటే. వీర్రాజు ఆ ముక్క మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి విన్నాడు. ఇక చాలు ఆపరా అని అమ్మ అనేదాకా విన్నాడు.

తొంభై ఏడు వచ్చింది. రామ్మూర్తిగారి రేడియో చుట్టూ జనం పెరిగారు. జెండా దింపే రోజు దగ్గరపడుతోంది గానీ బేరం తెగట్లేదు. ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోయే తొందరలో ఉన్నారు, చైనావాళ్ళకి ఏ తొందరా లేదు. జూన్ ఆఖరి వారంలో కబురు తెలిసింది. సగం మందిని వదులుతారు. మిగతా సగం మంది సంగతి తరవాత చూస్తారు. వదిలేవాళ్ళలో వీర్రాజు పేరు ఉంది.

వీర్రాజు రామ్మూర్తిగారి అరుగు మీదే కూలబడి ఏడ్చేశాడు. తమ్ముడొస్తున్నాడు. వాడితోపాటు తన పేరూ వస్తోంది. ఆ రోజు చాప చుట్టి పెట్టేశాడు.

హాంకాంగ్‌లో జెండా దిగిపోయిన కొద్ది రోజులకి బుల్లబ్బాయిని వినయ్ అమలాపురం తీసుకొచ్చాడు. ఆర్డీవో ఆఫీసు ముందు దండలు, ఫొటోలు, పేపరువాళ్ళు. జీపులోంచి దిగిన మనిషిని చూసి చిన్నమ్మలు గుర్తుపట్టలేకపోయింది. గుండు, లోతుకుపోయిన కళ్ళు, చేతులు నిటారుగా తొడలకి ఆనించుకుని నిలబడ్డాడు. అన్న కంటే పదేళ్ళు పెద్దవాడిలా ఉన్నాడు.

"తమ్ముడేడండీ? అన్నగారి కాళ్ళకి దణ్ణం పెట్టమనండి, ఫొటో తీసుకుంటాం," అన్నాడొక పేపరాయన.

వీర్రాజు వెనక్కి తిరిగి అమ్మ వైపు చూశాడు. పెద్దవాడు చిన్నవాడి కాళ్ళు మొక్కితే చిన్నవాడికి ఆయుక్షీణం. జైల్లోంచి ప్రాణాలతో వచ్చినవాడి ఆయుష్షు తను చేజేతులా తగ్గించడమా? మొక్కకపోతే ఇంతమంది కళ్ళూ తన మీదే ఉన్నాయి. అమ్మ వెనకనించి, "నేలని ముట్టుకోరా, కాళ్ళు ముట్టుకోకు," అని గొణిగింది. వంగి, తమ్ముడి పాదాల పక్కన మట్టిని తాకాడు. తమ్ముడు కంగారుపడి వెనక్కి జరుగుతాడేమో, అన్నయ్యా అనేస్తాడేమో అని భయపడ్డాడు. తల మీద ఒక చెయ్యి పడింది.

"నూరేళ్ళు బతుకు తమ్ముడూ," అన్నాడు బుల్లబ్బాయి. గొంతులో వణుకు లేదు.

ఎంత బాగా నటించాడు నా తమ్ముడు అని వీర్రాజు పొంగిపోయాడు. దారి పొడుగునా జీపులో అదే తలుచుకున్నాడు.

ఇంటికొచ్చాక వచ్చినవాళ్ళంతా వెళ్ళేదాకా ఆగి చిన్నమ్మలు తలుపు వేసింది. "ఒరే బుల్లబ్బాయ్, నా తండ్రీ," అని దగ్గరికి తీసుకోబోయింది. అతను కదల్లేదు. వీర్రాజు వైపు చెయ్యి చూపించాడు.

"బుల్లబ్బాయి అక్కడున్నాడు కదమ్మా."

"ఇక చాల్రా. ఎవరూ లేరు. నేను అన్నయ్యని," అన్నాడు వీర్రాజు.

బుల్లబ్బాయి కిటికీ వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. "మెల్లగా తమ్ముడూ. ఎవరో ఒకరు వింటారు. మిగతావాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు." ఆపైన నేల చూపులు చూస్తూ, "మాణిక్యం, మంచినీళ్ళు," అన్నాడు. అన్నాక చెవులు ఎర్రబడ్డాయి. చెంబు అందుకుంటూ ఆవిడ చెయ్యి తగలకుండా ఎంత జాగ్రత్తపడ్డాడో వీర్రాజు చూశాడు. పిచ్చి కాదది. భయం. రెండేళ్ళపాటు నిద్రలో లేపి అడిగినా అదే పేరు చెప్పాలని నేర్చుకున్న భయం.

వీర్రాజు పరుగున రామ్మూర్తిగారి దగ్గరికి వెళ్ళాడు. "ఎన్నాళ్ళండి ఇలాగ?"

"మిగతా సగం మంది కూడా వచ్చేత్తే ఆడే తేరుకుంటాడ్రా."

"ఆళ్ళనెవరు తెత్తారండి? ఆ జెండా దించేసేరు కదండి."

రామ్మూర్తిగారు రేడియో వైపు చూశారు.

తిరిగొచ్చేసరికి పొద్దు గూట్లో పడుతోంది. అమ్మ అరుగు మీద కూర్చుని ఏడుస్తోంది. లోపల చాప పరిచి ఉంది. బుల్లబ్బాయి దాని మీద పడుకోలేదు. చాప చివర, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, నిటారుగా కూర్చుని ఉన్నాడు. కళ్ళు నిద్రకి మూతలుపడుతున్నాయి, ఉలిక్కిపడి మళ్ళీ తెరుస్తున్నాడు.

"పడుకోరా అంటే వినడు. పేరు పిలిస్తే పలికేకే పడుకోవాలంట. అక్కడంతేనంట," అంది చిన్నమ్మలు. "బుల్లబ్బాయ్ అని ఎంత పిలిచినా పలకట్లేదురా. ఆ రెండో పేరు పెట్టి ఆణ్ణి పిలవడానికి నాకు నోరు రావట్లేదు. నా ఇద్దరు కొడుకుల్లో ఒకడు ఉన్నట్టా లేనట్టా?"

వంటింటి గడపలో మాణిక్యం నిలబడి ఉంది. వీర్రాజు ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. తను అననని చెబుతోందో, అతన్ని వద్దంటోందో అతనికి తెలియలేదు. తమ్ముడి తల వాలి, మళ్ళీ లేచింది.

వీర్రాజు గుమ్మంలో నిలబడ్డాడు. "వీర్రాజు," అన్నాడు. అది అతనికే సరిగా వినపడలేదు. లోపల మనిషి కదల్లేదు. ఈసారి బయటికి వినపడేలా పిలిచాడు.

"వీర్రాజూ!"

"ఉన్నానండి," అని బుల్లబ్బాయి లేచి నిలబడి పలికాడు. పలికి, చాప మీద ఒక పక్కకి తిరిగి పడుకుని, చంటిపిల్లాడిలా నిద్రపోయాడు.

వీర్రాజు దీపం అలాగే వెలుగుతుండనిచ్చి తలుపు దగ్గరగా వేశాడు. అరుగు మూలన చుట్టి పెట్టిన తన చాప తీసుకుని పాక వైపు నడిచాడు.